పాట్‌షాట్ అంటే విమర్శేనా? తెలుగులో ఏమని రాయాలి?

రాత్రి డెస్క్:

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక వార్తల వెబ్‌సైట్‌లో సబ్ ఎడిటర్‌గా చేరి 8 నెలలైంది. ఏజెన్సీల నుంచి వచ్చే ఇంగ్లీషు కాపీని తెలుగు చేయడం నా పని. పోయిన వారం ఒక తప్పు చేశాను, అప్పటి నుంచి అదే మనసులో తిరుగుతోంది, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

ఒక నాయకుడు బడి భవనం ప్రారంభించడానికి వెళ్లి, 20 నిమిషాల పాటు పిల్లల చదువుల గురించి మాట్లాడి, మైకు వదిలే ముందు అవతలి పార్టీ మీద ఒక్క మాట అన్నారు. ఏజెన్సీ వాళ్లు దాన్ని 'టుక్ ఎ పాట్‌షాట్ ఎట్' అని రాశారు. అప్పటికి రాత్రి పదకొండున్నర దాటింది, ఇంకా నాలుగు ఐటమ్‌లు పెండింగ్‌లో ఉన్నాయి. షాట్ అని కనిపించింది కదా, తుపాకీ పేల్చినంత గట్టిగా తిట్టి ఉంటారనుకుని 'నిప్పులు చెరిగారు' అని హెడ్డింగ్ పెట్టేశాను. తెల్లారేసరికి ఆ నాయకుడి మనుషులు ఫోన్ చేసి, 'సార్ ఎక్కడ నిప్పులు చెరిగారో చూపించండి' అని అడిగారు. వీడియో తెరిచి చూస్తే ఆయన నవ్వుతూ ఒకే ఒక్క వాక్యం అన్నారు, అంతే. అప్పటికే కామెంట్లలో రెండు పార్టీల అభిమానులు ఒకరినొకరు బూతులు తిట్టుకుంటున్నారు. ఆయన అనని కోపాన్ని ఆయన నోట్లో పెట్టింది నేనే కదా అని చాలా బాధగా ఉంది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. రెండు రోజుల తర్వాత వేరే దేశం సరిహద్దు వార్తలో ఇదే మాట బహువచనంలో వచ్చింది. ఈసారి జాగ్రత్తగా 'విమర్శలు' అని రాయబోయాను, పక్క సీటు అన్న ఆపాడు, అక్కడ నిజంగానే సైనికుల మీద కాల్పులు జరిగాయట. నా దగ్గరున్న నిఘంటువులో 'గురి చూడకుండా కొట్టిన దెబ్బ' అని ఒక్క ముక్క ఉంది, దాంతో పని జరగడం లేదు. అసలు ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది, దీని బరువు ఎంత, తెలుగులో ఏ మాటకు దగ్గర? ఎవరైనా కాస్త ఓపికగా చెప్పండి.

తెనాలి మాస్టారు:

బాబూ, తప్పు జరిగాక మాట అర్థం వెతుక్కుంటున్నావు చూడు, అది మంచి లక్షణం. నేను 31 ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పాను, నాకు తెలిసినంత చెబుతాను.

ఇందులో పాట్ అంటే వంట కుండ. మా వైపు మాటలో కూరదాక అనుకో. 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో తుపాకీ వేట డబ్బున్న వాళ్ల ఆట, దానికి బోలెడు కట్టుబాట్లు ఉండేవి. నేల మీద వాలి ఉన్న పిట్టను కొట్టకూడదు, నీటి మీద తేలుతున్న బాతును కొట్టకూడదు. దాన్ని ఎగరనివ్వాలి, గాల్లో ఉండగా గురి చూసి కొట్టాలి, అప్పుడే నేర్పు ఉన్నట్టు. కానీ ఇంట్లో పొయ్యి మీద ఖాళీ దాక ఉన్నవాడికి ఈ కట్టుబాట్లతో ఏం పని? వాడికి కూర కావాలి. పిట్ట కూర్చుని ఉంటే కూర్చున్నప్పుడే కొడతాడు, పెద్దదా చిన్నదా అని కూడా చూడడు. అలా దాకలోకి కూర కోసం కొట్టిన దెబ్బకు పాట్‌షాట్ అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది కడుపు నిండిన వాళ్లు కాబట్టి మొదటి నుంచీ అందులో చిన్నచూపు ఉంది. నా మటుకు నాకు ఆ ఆకలిగొన్న మనిషి మీద ఏ చిన్నచూపూ లేదు, మాట పుట్టుక ఎలాంటిదో తెలియాలని చెబుతున్నాను.

తర్వాత తర్వాత కూర సంగతి పోయి, చాటు నుంచో దగ్గర నుంచో, ఎదురుగా కనబడినదాని మీద, పెద్దగా గురి చూడకుండా పేల్చే దెబ్బ అనే అర్థం నిలబడింది. నీ సరిహద్దు వార్తలో ఉన్నది ఇదే. అక్కడి నుంచి 20వ శతాబ్దంలో మాటలకు కూడా వాడడం మొదలైంది. అంటే ఆ మాట తుపాకీ దగ్గరా బతికే ఉంది, నోటి దగ్గరా బతికే ఉంది. ఏది అన్నది పక్కనున్న వాక్యాలు చూసి తేల్చుకోవాలి, వేరే దారి లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు పాట్‌షాట్‌లో కోపం ఉందనుకున్నావు. అందులో కోపం ఉండాలని ఏమీ లేదు, లేనిది శ్రద్ధ. ఎదుటి మనిషి తేలిగ్గా దొరికాడు, ఓ మాట అన్నా నాకు పోయేదేమీ లేదు, కాబట్టి ఒకటి అనేశాను, అది తగిలిందా లేదా, నిజమా కాదా అని ఆగి చూడలేదు. అదీ పాట్‌షాట్. నిప్పులు చెరగడానికి దీనికి ఎంత దూరమో చూడు. చెరగడం అంటే చేటతో ధాన్యం చెరగడమే కదా, చేటలో ధాన్యానికి బదులు నిప్పులు పోసి చెరుగుతున్నట్టు మాట్లాడుతున్నాడని చెప్పడం. దానికి ఆవేశం కావాలి, చాలాసేపు మాట్లాడాలి.

ఇంకొకటి, దీనికి 'విమర్శ' అని రాయడానికి కూడా నాకు మనసొప్పదు. విమర్శ సంస్కృతం మాట. దాని వెనకున్న మృశ్ ధాతువుకు తాకడం, తడిమి చూడడం, ఆలోచించడం అనే అర్థాలున్నాయి. ఒక వస్తువును చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, తడిమి చూసి, ఇది ఇలా ఉంది అని చెప్పడం విమర్శ. సాహిత్య విమర్శ అన్నప్పుడు ఇప్పటికీ మనం ఆ అర్థంలోనే వాడుతున్నాం. ఇంగ్లీషు క్రిటిసిజమ్ కూడా అంతే, దాని గ్రీకు మూలం 'క్రినైన్', వేరుచేయడం, తీర్పు చెప్పడం అని. మన రైతుల మాట తూర్పారబట్టడం ఉంది చూశావా, గాలికి ఎత్తి పోస్తే తాలు ఒక పక్కకు, గింజ ఒక పక్కకు పోతుంది. ఎవరినైనా తూర్పారబట్టారంటే వాళ్ల మాటలోని గింజనూ తాలునూ విడదీశారని లెక్క. గ్రీకువాడూ మన రైతూ ఒకే పని చూసి ఒకే రకం మాట చేసుకున్నారు, నాకు అది తలుచుకుంటే ఎప్పుడూ ఆనందంగా ఉంటుంది. పాట్‌షాట్‌లో ఈ విడదీయడం అసలు లేదు. అందుకే దాన్ని విమర్శ అంటే విమర్శ అనే మాటకు అన్యాయం చేసినట్టు అనిపిస్తుంది నాకు.

వాడుక సంగతి. క్రియ ఎక్కువగా 'టేక్', తర్వాత 'ఎట్' రావాలి. మన పిల్లలు తెలుగులోని 'మీద'ను పట్టుకుని 'ఆన్' అని రాస్తారు, అది తప్పు. ఒకసారి అంటే ఏకవచనం, ఊరికే అంటూనే ఉంటే బహువచనం. రెండో దానిలో అలవాటు అనే సూచన కూడా వస్తుంది. కలిపి రాస్తారు, విడదీసి రాస్తారు, మధ్యలో గీత పెట్టీ రాస్తారు, మూడూ కనిపిస్తాయి.

పాత డెస్క్ మనిషి:

తమ్ముడూ, మాస్టారు మాట పుట్టుక చెప్పారు, నేను కొలిమి దగ్గర పనిచేసినవాణ్ని కాబట్టి పని సంగతి చెబుతా. విజయవాడలో పేపర్ డెస్క్ మీద 22 ఏళ్లు కూర్చున్నాను.

మన డెస్కుల్లో ఉన్న జబ్బేంటంటే, నాయకుడు ఏమన్నా సరే మన దగ్గర ఓ అరడజను క్రియలు రెడీగా ఉంటాయి, చేతికి ఏది తగిలితే అది పెట్టేస్తాం. మండిపడ్డారు, విరుచుకుపడ్డారు, ధ్వజమెత్తారు, దుయ్యబట్టారు, నిప్పులు చెరిగారు, ఎద్దేవా చేశారు. కొత్తగా వచ్చిన పిల్లలకు ఇవన్నీ ఒకటే అనిపిస్తాయి. ఒకటే కాదు. ఎద్దేవా అంటే నవ్వులపాలు చేయడం, అందులో వెటకారం ఉండాలి. ధ్వజమెత్తారు అంటే జెండా ఎత్తి పోరాటానికి దిగినట్టు, ఒక విషయం పట్టుకుని గట్టిగా నిలబడినప్పుడు బాగుంటుంది. మండిపడ్డారు అంటే మనిషి ముఖంలో కోపం కనబడాలి. మనిషి నవ్వుతుంటే మండిపడ్డారని ఎలా రాస్తాం? ఇంగ్లీషు వాళ్లు హెడ్డింగ్‌లో చోటు చాలక 'స్లామ్' లాంటి పొట్టి మాటలు వాడతారు, మనం వాటికి సమానం అని పెద్ద పెద్ద క్రియలు పెట్టుకున్నాం, అక్కడి నుంచే మంట ఎక్కువైంది.

ఇక పాట్‌షాట్‌కు. నా అనుభవంలో దగ్గరగా వచ్చేది 'ఓ మాట విసిరారు'. ఇంకాస్త చోటుంటే 'పనిలో పనిగా అవతలి పార్టీనీ ఓ మాట అన్నారు'. ఈ 'పనిలో పనిగా' అన్నదానిలోనే సగం అర్థం వచ్చేస్తుంది, ఎందుకంటే వచ్చిన పని వేరే, ఇది దారిలో దొరికింది. పదే పదే చేస్తుంటే 'సందు దొరికితే చాలు ఏదో ఒకటి అంటున్నారు' అని రాసుకోవచ్చు. 'సెటైర్ వేశారు' అని ఇప్పుడు అందరూ రాస్తున్నారు, నవ్వించే మాటైతే సరే, కానీ పాట్‌షాట్‌లో నవ్వు ఉండాలని రూలేమీ లేదు.

వాడకూడనివి కూడా చెబుతాను. 'నోరు పారేసుకున్నారు' వద్దు, అది అదుపు తప్పి అనకూడని మాట అన్నప్పుడు. 'బురద చల్లారు' అస్సలు వద్దు, అందులో లేనిపోని నింద వేశారనే అర్థం ఉంటుంది, అది మళ్లీ నీ మీదకే వస్తుంది. 'చురక అంటించారు' పర్వాలేదు కానీ అది ఇంగ్లీషులో 'టేక్ ఎ డిగ్' అన్నదానికి సరిగ్గా అతుకుతుంది. చురకకు గురి ఉంటుంది తమ్ముడూ. ఎక్కడ అంటిస్తే చుర్రుమంటుందో చూసి అంటిస్తారు. పాట్‌షాట్‌కు ఆ గురి లేదనే కదా మాస్టారు ఇంతసేపు చెప్పింది.

మరో సంగతి, చిన్నది. రాత్రి పదకొండున్నరకైనా సరే, వీడియో ఉంటే ఆ నిమిషం ముక్క చూడు. ఏజెన్సీ వాడు పెట్టిన క్రియ వాడి అభిప్రాయం. నువ్వు దానికి తెలుగు వెతికితే వాడి అభిప్రాయానికి నకలు తీసినట్టే.

డాలస్ నుంచి:

ఇక్కడ నేను ఒక మాట కలపాలి, ఎందుకంటే ఈ పదం నా ఉద్యోగంలో నాకు గట్టిగా తగిలింది. 14 ఏళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నాను, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని.

మాస్టారు గారూ, మీరు ఈ మాట తేలికది అన్న అర్థంలో చెప్పారు. మాట తేలికే, కానీ ఎవరి మీద పెడతారో వాళ్లకు మాత్రం చాలా బరువు. గమనించండి, 'నేను పాట్‌షాట్ వేస్తున్నాను' అని తన గురించి తాను చెప్పుకునేవాళ్లు చాలా అరుదు. 'నాకు పాట్‌షాట్స్ వేయాలని లేదు, కానీ' అని కాదంటూ మొదలుపెడతారు, లేకపోతే ఎదుటివాళ్లు అన్నదానికి ఆ పేరు పెడతారు. అంటే అందులో ఒక తీర్పు ముందే ఉంది. నువ్వు అన్నదానికి ఆధారం లేదు, ఆలోచన లేదు, నేను జవాబు చెప్పక్కర్లేదు అని.

పాత ఆఫీసులో నాకు జరిగింది చెబుతాను. రిలీజ్‌కు 2 వారాల ముందు ఒక మీటింగ్‌లో, బిల్లింగ్ లెక్కలు నెలాఖరు రోజున తప్పుగా వస్తున్నాయని చెప్పాను. ఊరికే చెప్పలేదు, 3 రోజులు కూర్చుని చేసిన టెస్టుల ఫలితాలు, స్క్రీన్‌షాట్లు అన్నీ పంపించాను. అవతలి టీమ్ మేనేజర్ వాటిని తెరిచి కూడా చూడలేదు. 'లెట్స్ నాట్ టేక్ పాట్‌షాట్స్ ఎట్ ఈచ్ అదర్' అన్నాడు, చాలా మర్యాదగా, నవ్వుతూ. గదిలో అందరూ తలలూపారు. ఆ క్షణంలో నా 3 రోజుల పని దారిన పోతూ విసిరిన రాయి అయిపోయింది. నెలాఖరున ఆ తప్పే కస్టమర్ బిల్లుల్లో బయటపడింది, అప్పుడు అందరం రాత్రుళ్లు కూర్చున్నాం. నేను ఆ రోజు వెంటనే 'ఇది పాట్‌షాట్ కాదు, ఫైలు తెరవండి' అని చెప్పి ఉండాల్సింది, నా నోటికి రాలేదు, పదం అర్థం తెలుసు కానీ ఆ పదం చేసే పని అప్పుడు నాకు తెలియదు.

కాబట్టి డెస్క్ తమ్ముడూ, ఏజెన్సీ వాళ్లు ఒక మనిషి మాటను పాట్‌షాట్ అని రాశారంటే, ఆ మాటలో పస లేదని వాళ్లు ముందే తేల్చేశారు. మీరు 'నిప్పులు చెరిగారు' అని రాస్తే లేని కోపం పెట్టినట్టు. అలాగని 'ఏదో నోటికొచ్చింది అనేశారు' అని రాస్తే, ఒకవేళ ఆయన అన్నదాంట్లో నిజం ఉంటే, దాన్ని పాఠకుడు పట్టించుకోకుండా చేసినట్టు. రెండూ తప్పే. నాకు రెండోదే ఎక్కువ భయం.

దీనికి దగ్గరగా 'చీప్ షాట్' అని ఇంకోటి ఉంది, ఈ రెండింటినీ కలపొద్దు. అది ఇక్కడి ఆటల నుంచి వచ్చిన మాట, చూసుకోకుండా ఉన్న ఆటగాడిని కావాలని అడ్డదిడ్డంగా కొట్టడం. అందులో దురుద్దేశం ఉంది, ఎదుటివాడి బలహీనత మీద కొట్టడం ఉంది. ఒకరి రూపం మీద, ఇంట్లో వాళ్ల మీద అంటే అది చీప్ షాట్. పాట్‌షాట్‌లో అంత నీచం ఉండాలని లేదు, నిర్లక్ష్యం ఉంటే చాలు. ఇక్కడ పల్లెల వైపు కారులో వెళ్తుంటే రోడ్డు పక్క బోర్డులకు తూటాల చిల్లులు కనిపిస్తాయి. ఎవరో దారిన పోతూ ఊరికే పేల్చి పోయినవి. ఆ బోర్డు మీద వాళ్లకేం పగ ఉంటుంది? ఆ చిల్లులు చూసిన ప్రతిసారీ నాకు ఈ మాటే గుర్తొస్తుంది.

తెనాలి మాస్టారు:

అమ్మా, నువ్వు చెప్పింది నిజం. మాటలోని చిన్నచూపు గురించి చెప్పాను గానీ అది ఎవరి మీద పడుతుందో చెప్పలేదు. పుట్టినప్పుడు కూడా అంతే జరిగింది కదా, ఆకలితో కొట్టినవాడి దెబ్బకు ఆ పేరు పెట్టింది వాడు కాదు.

కొల్లేటి గట్టు:

ఈ చర్చ చదువుతుంటే రెండు విషయాలు చెప్పాలనిపించింది. మాది కొల్లేరు పక్కన ఊరు.

మొదటిది, పాట్‌షాట్‌కు తెలుగులో బొమ్మ కోసం వెతుకుతున్నారు కదా, మామిడి చెట్టు కింద నిలబడి రాళ్లేసే పిల్లలను గుర్తు తెచ్చుకోండి. ఫలానా కాయ అని గురి ఉండదు. గుబురులోకి ఓ రాయి వేస్తారు, పడితే కాయ, పడకపోతే ఇంకో రాయి. చెట్టు తిరిగి కొట్టదు. కాయ తినడానికే, నేర్పు చూపించడానికి కాదు. కూరదాక కోసం కొట్టిన దెబ్బ కథంతా ఇందులో ఉంది, ఒక్క తుపాకీ తప్ప. పండ్లున్న చెట్టుకే రాళ్ల దెబ్బలు అని సామెత కూడా ఉంది, పేరున్న మనిషిని ఎవరైనా ఊరికే ఏదో అన్నప్పుడు మా నాయనమ్మ ఓదార్పుగా ఈ సామెతే చెప్పేది. ఆ సామెతలోని రాయి సరిగ్గా పాట్‌షాటే అని నా నమ్మకం.

కానీ ఒక ఇబ్బంది ఉంది, పాత డెస్క్ మనిషి గారు ఏమంటారో. మన వాడుకలో 'ఓ రాయి వేసి చూద్దాం' అంటే అదృష్టం పరీక్షించుకోవడం అనే అర్థం బలంగా ఉంది. ఉద్యోగానికి అప్లై చేసేటప్పుడు కూడా అలాగే అంటాం. అందుకని 'ప్రతిపక్షంపై రాయి వేశారు' అని రాస్తే కొందరు నిజంగా రాళ్లు రువ్వారనుకుంటారు, కొందరికి అసలు అర్థం కాదు. 'మాట రాయి విసిరారు' అంటే కృతకంగా ఉంది. కాబట్టి మాట విసరడమే మేలేమో.

రెండోది పిట్టల గురించే. ఇంగ్లీషులో 'స్నైప్' అని ఒక పిట్ట ఉంది, మేం ఉల్లంకి అంటాం. చలికాలంలో ఉత్తరాన ఉన్న చలి దేశాల నుంచి వచ్చి మన తడి వరిచేలల్లో, చెరువు గట్ల వెంట బురదలో ముక్కు గుచ్చుకుంటూ తిరుగుతుంది. ఒంటి మీద గీతలు ఎండుగడ్డి రంగులో ఉంటాయి కాబట్టి కాళ్ల దగ్గరకు వెళ్లేదాకా కనబడదు, లేచిందంటే వంకరటింకరగా ఎగురుతుంది. దాన్ని కొట్టడం చాలా కష్టం. 1770ల ప్రాంతంలో మన దేశంలో ఉన్న బ్రిటిష్ సైనికులు ఈ పిట్టల వేటకు వెళ్లడాన్నే 'స్నైపింగ్' అనేవారు, దాక్కుని గురి చూసి కొట్టేవాడికి స్నైపర్ అన్న పేరు అలా వచ్చింది. ఇప్పుడు అదే మాట ఒకరినొకరు చాటుగా, సన్నగా పొడుచుకుంటూ ఉండడానికి కూడా వాడుతున్నారు. చూడండి, వాలిన పిట్టను కొట్టినదాని నుంచి పాట్‌షాట్ వచ్చింది, దొరకని పిట్టను కొట్టినదాని నుంచి స్నైపింగ్ వచ్చింది, చివరికి రెండూ మాటల దెబ్బలయ్యాయి. ఒకదానిలో నిర్లక్ష్యం, ఇంకోదానిలో ఓపికగా పొంచి ఉండడం. మా చేలల్లో తిరిగే పిట్ట పేరు అంత దూరం వెళ్లిందని తెలిసినప్పటి నుంచి దాన్ని చూస్తే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఇప్పుడు ఇక్కడ అభయారణ్యం ఉంది, వేట నేరం, పిట్టలు కాస్త నిమ్మళంగా ఉన్నాయి.

'నిట్‌పికింగ్' గురించి, అంటే చిన్న చిన్న తప్పులు వెతకడం గురించి కూడా ఎవరైనా అడుగుతారేమో, అది తలలో ఈర్లు ఏరడం నుంచి వచ్చింది. మనకు ఈరును పేను చేసి, పేనును పెరుమాళ్లు చేశారు అని ఉంది కదా, దగ్గరి చుట్టాలే, కాకపోతే ఇంగ్లీషు మాట వెతకడం గురించి, మనది పెంచడం గురించి.

పాత డెస్క్ మనిషి:

గట్టు గారూ, రాయి విషయంలో మీరన్నదే కరెక్టు. హెడ్డింగ్‌లో రాయి వద్దు, ప్రత్యేకించి ఎన్నికల రోజుల్లో. రాళ్లు నిజంగా పడుతుంటాయి.

డాలస్ అమ్మాయి చెప్పింది నేను ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆలోచించలేదు. ఒకరి మాటను మేం ఎన్నోసార్లు 'అవాకులు చెవాకులు పేలారు' అని కూడా రాసేశాం, అందులోనూ ఇదే తీర్పు ఉంది. ఎవరో ఎవరినో అలా అన్నారంటే కోట్స్‌లో పెట్టాలి గానీ అది మా మాటగా రాయకూడదు. అప్పట్లో చెప్పేవాళ్లు లేరు.

రాత్రి డెస్క్:

మాస్టారూ, అన్నా, అక్కా, గట్టు గారూ, అందరికీ ధన్యవాదాలు. ఇంత వస్తుందని అనుకోలేదు. రెండుసార్లు చదువుకున్నాను.

సరిహద్దు వార్తలో 'చాటు నుంచి అడపాదడపా కాల్పులు జరిపారు' అని పెట్టాను, అది సరిపోతుందా? నాయకుడి వార్తకు ఇలా మారుద్దామనుకుంటున్నాను, 'బడి ప్రారంభోత్సవంలో ప్రతిపక్షంపై ఓ మాట విసిరిన నేత'. పాత లింక్ అలాగే ఉంది, హెడ్డింగ్ ఒక్కటీ మార్చి, కింద సవరించామని గమనిక పెట్టడానికి మా ఇన్‌ఛార్జ్ ఒప్పుకున్నారు.

పాత డెస్క్ మనిషి:

సరిహద్దుది బాగుంది, అలాగే ఉంచు.

నాయకుడి దాంట్లో ఒక్కసారి ఆలోచించు తమ్ముడూ. 20 నిమిషాలు బడి గురించి మాట్లాడి ఒక్క వాక్యం అవతలి పార్టీ మీద అంటే, హెడ్డింగ్‌లో ఆ ఒక్క వాక్యం ఎందుకు? ఆ ఊరి వాళ్లకు కావాల్సింది ఎన్ని గదులు కట్టారు, టీచర్లు వస్తారా రారా. హెడ్డింగ్ బడి మీద పెట్టు. ఆయన అన్న మాట ఆఖరి పేరాలో, ఆయన నోటి నుంచి ఎలా వచ్చిందో అలాగే కోట్స్‌లో పెట్టి, 'అన్నారు' అని రాయి. విసిరారు కూడా అక్కర్లేదు.

డాలస్ నుంచి:

అన్న గారు చెప్పిన 'అన్నారు' నాకు చాలా నచ్చింది. దానిలో మనం వేసిన తూకం ఏమీ ఉండదు, మంచిదో చెడ్డదో చదివినవాళ్లు చూసుకుంటారు.

రాత్రి డెస్క్:

మార్చేశాను. వీడియో మళ్లీ మొదటి నుంచి చూసి రాసుకుంటే తెలిసింది, 6 గదులు, 2 ల్యాబులు, సైన్స్ టీచర్ పోస్టు మాత్రం ఏడాదిగా ఖాళీ, వచ్చే నెలలోగా నింపుతామని ఆయన వేదిక మీద మాట ఇచ్చారు. ఏజెన్సీ కాపీలో ఆ సంగతి లేదు, నా మొదటి వార్తలోనూ లేదు. ఇప్పుడు హెడ్డింగ్ సైన్స్ టీచర్ మీద ఉంది. వచ్చే నెల గుర్తుపెట్టుకుని ఆ ఊరి బడికి ఫోన్ చేస్తాను.